పైడన్న ప్రాణానికి చేటెడు బియ్యం

“ఈడు పైడన్నేటి? ఈడి మొహం! పైడన్న ఏనాడైనా గుర్రం ఎక్కేడేటే? గుర్రాన్ని సూత్తే గజగజా వొణికేవోడు!”

తవిటయ్య గొంతు సినిమా హాలంతా వినిపించింది. ముందు వరసలోంచి ఎవరో “పెద్దాయనా, ఇంటికెళ్లి అరుసుకో” అన్నారు.

“ఊరుకోయ్యా, జనం సూత్తన్నారు,” అని నారాయణమ్మ మొగుడి మోచెయ్యి గిల్లింది.

ఊరుకుంటాడా? ఆనందపురం చుట్టుపక్కల ఊళ్లలో నలభై ఏళ్లు జముకు మీటుతూ గజదొంగ పైడన్న కథ చెప్పినవాడు. ఆ పైడన్న కుంటివాడు. కర్ర ఊతగా నడిచెళ్లి, దొరల గాదెలు దోచి, కరువులో ఊళ్లకి పంచినవాడు. తెర మీద వీడేమో కండలు పెంచి, నల్ల కళ్లద్దాలు పెట్టి, ఇరవైమంది అమ్మాయిల మధ్య గెంతుతున్నాడు. కుంటికాలు ఊసే లేదు.

“అంతా ఆ నజీర్‌గాడి వల్లే వచ్చింది,” అని గొణిగాడు తవిటయ్య.

నజీర్ అహ్మద్ ఈ వన్‌టౌన్ హాల్లో సినిమా మిషను నడిపే ఆపరేటరు. చిన్నప్పుడు తవిటయ్య కథ ఎక్కడుంటే అక్కడికి ఇంట్లో చెప్పకుండా పరిగెత్తుకొచ్చి, ముందు వరసలో కూర్చునేవాడు. “నీ పైడన్న మా హాల్లోకొచ్చేడు బావా, అక్కని తీసుకుని మ్యాట్నీకి రా” అని ఫోన్ చేసింది అతనే.

నారాయణమ్మ పక్కనున్న ఖాళీ సీట్లో తువ్వాలు మూట పెట్టుకుంది. అందులో బియ్యం.

పాత రోజుల్లో, కథ పైడన్నని తుపాకుల ముందు నిలబెట్టే చోటికి రాగానే ఊరి ఆడవాళ్లు చేటలతో బియ్యం తెచ్చేవారు. “ఈ పూటకి సంపకు తవిటయ్యా” అని బతిమాలేవారు. బియ్యం జోలెలో పోసుకుని, ఖాళీ చేట ఇల్లాలి చేతికి తిరిగిచ్చి, కథ అక్కడితో ఆపెయ్యాలి. అది ఆనవాయితీ. అందుకే ఏ ఊళ్లోనూ పైడన్న చావలేదు. నారాయణమ్మని తవిటయ్య మొదటిసారి చూసింది కూడా అలా చేట పట్టుకుని నిలబడ్డప్పుడే. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ఇద్దరికీ కడుపు నిండిపోతుంది.

“ఆ బియ్యం ఎవరికిత్తావే? తెరకిత్తావా?”

“ఏమో, సెయ్యి ఊరుకోనేదు. ఈడ్ని కూడా ఆకర్న సంపేత్తారంట గదా.”

“సావనీ! పైడన్న పేరెట్టుకున్న పాపానికి ఈడు సావాల్సిందే. నాను సప్పట్లు కొడతాను.”

విశ్రాంతి తర్వాత ఇంకా రెండు పాటలూ నాలుగు గుర్రాలూ అయ్యాయి. చివరికి సిపాయిలు పైడన్నని పట్టుకున్నారు. కాలికి గుండు తగిలింది. కుంటుకుంటూ వెళ్లి, కర్ర ఊతగా తుపాకుల ముందు నిలబడ్డాడు.

తవిటయ్య సీటు అంచుకి జరిగాడు.

తెర మీది దొర వెంటనే కాల్చమంటాడా? పెద్ద ఉపన్యాసం మొదలెట్టాడు. తవిటయ్య లేచాడు.

“టీ తాగొత్తాను.”

“ఇప్పుడా?”

“ఆడు సచ్చేలోపు వచ్చీత్తాన్లే.”

దొర ఉపన్యాసం అయిపోయింది. సిపాయిలు తుపాకులెత్తారు. నారాయణమ్మ కళ్లు మూసుకుని పక్కసీట్లో మూట కోసం తడిమింది. మూట లేదు. సీటు కింద వెతికింది. అక్కడా లేదు.

“ఈ పూటకి సంపకండయ్యా” అని గొణుక్కుంది.

తెర నల్లబడింది. హాల్లో లైట్లు వెలిగాయి. జనం ఈలలేశారు. మిషను మొరాయించిందనీ, ఇక ఆట లేదనీ మైకులో చెప్పారు.

తవిటయ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. “ఏటైంది? సచ్చేడా?”

“నేదయ్యా! సావనేదు!” నారాయణమ్మ చిన్నపిల్లలా నవ్వింది. అంతలోనే మొహం చిన్నబుచ్చుకుంది. “బియ్యం మూటే ఎక్కడో పడిపోనాది.”

“పోతే పోనీ. సినిమాయే దండగ, బియ్యమో లెక్కా? పద, బస్సెల్లిపోద్ది.”

ఇద్దరూ గేటు దాకా వచ్చారు. వెనకనుంచి నజీర్ ఆయాసపడుతూ ఆపరేటరు గది మెట్లు దిగొచ్చాడు.

“ఆగు బావా! బియ్యం నాను పోసుకున్నాను గానీ, సేట ఇల్లాలికి తిరిగియ్యాల గదా,” అంటూ ఖాళీ తువ్వాలు నారాయణమ్మ చేతిలో పెట్టాడు.