మొదటి గుక్క

ఫ్రాన్సు ముసలాయన కుళాయి తిప్పి, ట్యాంకర్‌లో నీళ్ళన్నీ ఇసుకలోకి వదిలేశాడు.

పంతొమ్మిది వందల డెబ్బై అయిదో సంవత్సరం. ఖతార్‌లో అల్ షహానియా ఊరు దాటాక, చమురు పైపులు వేసేవాళ్ళ క్యాంప్ అది. రోజుకు ఒక్క ట్యాంకర్ వస్తుంది. దాని కోసం అరవై మంది పొద్దున్నుంచీ ఎండలో కాచుకుని ఉన్నారు.

“వీని చేతులు ఇర్గిపోను! తాగే నీళ్ళురా అవి!”

పోశన్న ఉరికి వచ్చేసరికి ఇసుక అంతా తాగేసింది. అతను తడి ఇసుకను గుప్పిట పట్టి పిండి చూశాడు. చుక్క రాలలేదు.

రేకుల షెడ్డులో అతని తమ్ముడు లింబాద్రి వడదెబ్బ తగిలి మూడు రోజులుగా లేవలేదు. ఆ క్యాంపులో అతనికి మందన్నా మాకన్నా నీళ్ళే.

ముసలాయన షెడ్డు వెనక్కి పోయి భళ్ళున కక్కుకున్నాడు.

“సూసినవా? పొద్దుగాల్నే సీస ఎత్తిండు,” అన్నాడు పక్క మంచం హన్మాండ్లు.

ముసలాయన పైపుల అతుకులు చూడటానికి వచ్చినవాడు. ఆయన భాష ఎవరికీ రాదు. ట్యాంకర్ రాగానే అందరికన్నా ముందు తన సత్తు మగ్గుతో పట్టుకుని తాగుతాడు. తర్వాత కుళాయికి అడ్డంగా నిలబడి, గడియారం చూపిస్తూ అందరినీ అరగంట ఆపుతాడు.

ఎవరైనా తిడితే జేబులోంచి ఫోటో తీసి చూపిస్తాడు. కొండల కింద చిన్న ఊరు. ఊరి పక్కనే నిండుగా నది.

“నీ ఊర్ల గంగ పారుతది, సరే. మా నోట్ల ఉమ్మి గూడ లేదయ్యా!” అనేవాడు హన్మాండ్లు.

పారబోసినదానికి బదులు సాయంత్రం ఇంకో ట్యాంకర్ వచ్చింది. మళ్ళీ అదే మగ్గు. మళ్ళీ అరగంట.

ఆ అరగంటలో లింబాద్రి రెండుసార్లు స్పృహ తప్పాడు.

పోశన్న క్యాంప్ గుమాస్తా దగ్గరికి పోయాడు. “ఫరీద్ భాయ్, వాన్ని పంపియ్. లేకుంటె నా తమ్ముడు సస్తడు.”

“అరె, గోరా సాబ్ రా ఆయన. నేను పొమ్మంటె పోతడా?” అన్నాడు ఫరీదుద్దీన్.

“తాగి నీళ్ళు పారబోసిండని రాయి. అందరం ఏలుముద్రలేస్తం.”

కాగితం మీద అరవై ముద్రలు పడ్డాయి. మొదటిది పోశన్నది.

మూడో నాడు కంపెనీ జీపు వచ్చింది.

ముసలాయన పెట్టె జీపులో పెట్టి, తిరిగి పోశన్న దగ్గరికి వచ్చాడు. తన మగ్గు అతని చేతిలో పెట్టాడు. ఫోటో అందులోనే ఉంది. గడియారం మీద వేలితో అరగంట గీసి చూపాడు. ఇంకోసారి గీశాడు.

“మాలూం, మాలూం. యల్లా, ఇగ నడువ్!” అన్నాడు పోశన్న.

మర్నాడు ట్యాంకర్ వచ్చింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ ఆగలేదు.

లింబాద్రి కోసం అందరూ పక్కకు జరిగారు. పోశన్న ఫోటో తీసి జేబులో పెట్టుకుని, మొదటి మగ్గు నింపుకుని ఉరికాడు.

“తాగు తమ్మీ. ఇయ్యాల అడ్డమొచ్చెటోడు లేడు.”

లింబాద్రి గటగటా తాగాడు. “ఇంకో మగ్గు తేవే అన్నా.”

తెచ్చాడు.

అరగంటకు క్యాంప్ అంతా కడుపులు పట్టుకుని ఇసుకలో పొర్లింది.

పైపులు కడిగే మందు మోసిన ట్యాంకర్ అది. కడగకుండానే నీళ్ళు నింపారట. అందరూ బతికారు. లింబాద్రి మాత్రం దోహా ఆసుపత్రి దాకా కూడా రాలేదు.

పోశన్నకు అక్కడే సెలైన్ పెట్టారు. సెలైన్ మార్చడానికి వచ్చిన ట్యునీషియా నర్సు, అతని దిండు పక్కనున్న ఫోటో తీసి చూసింది. దాని వెనక ఫ్రెంచిలో ఏదో రాసి ఉంది. ఆమె అరబ్బీలో చెప్పింది. చూడటానికి వచ్చిన ఫరీదుద్దీన్ అది విని తల దించుకున్నాడు.

“ఏమున్నదే భాయ్ అండ్ల?”

“పదకొండు మంది పేర్లు. అందరు ఒక్కనాడే పోయిన్రు. ఆఖరి పేరు ఆయన బిడ్డది.”

“కింద ఇంకేమో ఉన్నట్టుంది?”

ఫరీదుద్దీన్ ఫోటోను మెల్లగా పోశన్న గుండె మీద పెట్టాడు.

“‘ఊరికి నీళ్ళిడిసే నీరడిని నేనే. ఆ ఒక్క పొద్దు నేను ముందుగాల తాగి సూడలే’ అని రాసుకున్నడు.”