రెండు ముక్కుల బాతు

"బాతుకి ఎన్ని ముక్కులుంటాయమ్మాయ్?" అంటూ పోస్టరును బల్ల మీద పరిచాడు సిల్వో బాబాయ్.

"ఒకటే కదా బాబాయ్," అంది జార్యా భయంభయంగా.

"మరి దీనికి రెండెందుకున్నాయి? మార్టిన్ పండక్కి ఊరంతా కాల్చిన బాతు తిని కొత్త వైను తాగాలా, ఈ దెయ్యం బాతుని చూసి తలుపులేసుకోవాలా?"

ఓర్మోజ్ ఊళ్ళో పండుగ కమిటీకి ఆయనే పెద్ద. ఏటా పోస్టర్లు మారిబోర్ పట్నంలోని పెద్ద ప్రెస్సులో వేయించేవాడు. ఈసారి మన ఊరి పిల్లలే కదా అని జార్యానీ, ఆమె చెల్లెలు టింకారానీ నమ్మాడు.

అక్కచెల్లెళ్ళు మూతబడ్డ బడి నుంచి పాత స్టెన్సిల్ మిషను కొనితెచ్చి, ఇంటి గరాజులో పెట్టారు. సైక్లోస్టైల్ మిషనుకి మనవరాలి వరస అది. ఒకసారికి ఒక్క రంగే వేస్తుంది. నీలం సిరా డ్రమ్ముతో బాతు ఒళ్ళు వేశాక, దాన్ని తీసి పసుపు డ్రమ్ము పెట్టి, అవే కాగితాలు మళ్ళీ తొయ్యాలి. ఆ తర్వాత ఎరుపు. పసుపు ముక్కు మీద ఎర్ర ముక్కు సరిగ్గా కూర్చుంటేనే నారింజరంగు ముక్కు వస్తుంది. మధ్యలో కాగితం జరిగిందా, ఇక బాతు పరువు పోయినట్టే.

"శనివారానికి నాకు ఒంటిముక్కు బాతు కావాలి. లేదంటే మారిబోర్ బస్సెక్కుతా," అని సిల్వో బాబాయ్ విసురుగా వెళ్ళిపోయాడు.

టింకారా భూతద్దం పెట్టి చూసింది. "వెంట్రుకంత జరిగిందక్కా, అంతే. దీన్ని పట్టుకుని రెండో ముక్కంటాడేంటి ఈయన?"

"పొద్దస్తమానం దీన్నే చూస్తున్నాం కదే, మన కళ్ళు అలవాటుపడిపోయాయి. లోపం బయటివాళ్ళకే తెలుస్తుంది. అయినా కాగితాలు సరిగ్గా సర్దమంటే విన్నావా?"

"సరిగ్గానే సర్దాను. డ్రమ్ము మార్చేటప్పుడు మిషన్ని కాలితో తన్నింది ఎవరో?"

"తన్నలేదు, తగిలింది!" అంది జార్యా. "మొదటి బేరమే ఇలా ఏడిస్తే రెండో బేరం ఎవరిస్తారే? ఈ బాతు కుదరకపోతే మిషన్ని పాత ఇనుముకి తోలేద్దాం. నేను మళ్ళీ ఆ బ్యాంకు ఉద్యోగానికే పోతా."

టింకారా మిషను మూత మీద చెయ్యి వేసి, జ్వరం వచ్చిన పిల్లని నిమిరినట్టు నిమిరింది. ఆ తర్వాత చొక్కా చేతులు పైకి మడుచుకుని కాగితాల కట్ట విప్పింది.

ఆ వారమంతా ఇంట్లో బాతులే. ఒక రంగు బాగా ఆరితే తప్ప రెండోది వెయ్యకూడదని కాగితాలన్నీ వంటింట్లో బట్టలు ఆరేసే తీగల మీద వేలాడదీశారు. "మీ బాతులు నా సూపులోకి దూకుతున్నాయర్రా!" అని తల్లి గరిటె పట్టుకుని అరిచింది. నీలం కారి జార్యా చెవి నీలమైంది. టింకారా గడ్డం పసుపుగా మారింది. ఎర్ర ముక్కు ఒకసారి బాతు నెత్తికెక్కింది, ఇంకోసారి మెడలో వేలాడింది. కాగితాన్ని పట్టే రబ్బరు చక్రాలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించారు. తిట్టుకున్నారు. నవ్వుకున్నారు. మళ్ళీ తిట్టుకున్నారు.

చివరికి శుక్రవారం సాయంత్రం మిషను ఒక బాతుని బయటికి తోసింది. టింకారా భూతద్దం తెచ్చింది. జార్యా లాక్కుని తనూ చూసింది. పసుపు అంచు లేదు, ఎరుపు అంచు లేదు. ఒకే ఒక్క ముక్కు, పొయ్యిలోంచి అప్పుడే తీసినట్టు నిగనిగలాడుతోంది. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుని గరాజంతా గిరగిరా తిరిగారు.

మర్నాడు సిల్వో బాబాయ్ కొత్త వైను వాసన గుప్పుమనిపిస్తూ, పాట పాడుకుంటూ వచ్చాడు. పోస్టరు అందుకుని చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు, దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"అబ్బే, రెండు ముక్కులూ అలాగే ఉన్నాయి!"

జార్యా ముఖం పాలిపోయింది. టింకారాకి ఏడుపు ముంచుకొచ్చింది. "సరిగ్గా చూడు బాబాయ్, నీకు దణ్ణం పెడతా! ఎక్కడుంది రెండోది?"

"చూస్తూనే ఉన్నా కదే!" అని సిల్వో బాబాయ్ వాళ్ళకేసి జాలిగా చూశాడు. "సాయానికి అచ్చం మీలాంటి అమ్మాయిల్నే ఇంకో ఇద్దర్ని తెచ్చుకున్నారు, అయినా నలుగురిలో ఒక్కదానికీ కనబళ్ళేదా?"