కుర్చీలో కాఫీ

పందొమ్మిదొందల నలభైరెండు వేసవి. చీపురుపల్లి నుంచి శనివారం బండికి విశాఖపట్నం వచ్చాం, నేనూ మా అసిరయ్య మావా. ఆదివారం దాకా ఉండి సముద్రం చూడాలని మావ కోరిక. హోటల్లో కుర్చీ మీద కూర్చుని కాఫీ తాగాలని నా పట్టుదల.

ఊరవతల మా పేటవాళ్లకి ఆ హోటల్లో కాఫీ పెరటిగుమ్మం దగ్గర కొబ్బరిచిప్పలో పోస్తారు.

"చిప్ప నాకొద్దు. మనిషికి పోసినట్టు గ్లాసులో పొయ్యండి!" అని ఆ గుమ్మంలోనే నిలబడి అరిచాను. యజమాని మూలనున్న కర్ర తీశాడు.

అంతలో సైరన్ కూసింది. జపాను విమానాలు! కర్ర పారేసి యజమానీ, విస్తళ్ల ముందు నుంచి లేచి జనమూ ఒకటే పరుగు. క్షణంలో వీధి ఖాళీ.

"పదరా, బాంబులేసెత్తారు!" మావ నా చొక్కా పట్టుకు లాగాడు.

"బాంబుకి కులమేటి మావా? రా, లోపల కూకుందాం."

 వంటింట్లోకి పోయి రెండు గ్లాసుల్లో కాఫీ పోసుకొచ్చాను. మావ కుర్చీ అంచున కూర్చుని, ఆకాశం వైపు చెవి పెట్టి, ఒక గుక్క తాగాడు.

"బాగున్నాదిరా," అన్నాడు. మెల్లగా వెనక్కి జరిగి వీపు ఆనించాడు.

మళ్లీ సైరన్. ఈసారి ఎత్తుపల్లాలు లేకుండా ఒకటే కూత. "గండం తప్పిపోనాది!" అని కేకలేస్తూ, నవ్వుకుంటూ జనం వీధిలోకి తిరిగొస్తున్నారు.

మావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇమానాలు రాలేదురా, ఆళ్లొచ్చెత్తన్నారు. పరిగెట్టు!"