ఎనిమిదేళ్ళ మట్టి

"పీకొద్దు. మొదలు దగ్గర కోసేయండి," అన్నాడు ఎక్సైజు ఎస్సై సురేంద్ర.

మొక్క మీద చెయ్యి వేసిన కానిస్టేబులు ఆగిపోయాడు. అతనికంటే గంగబాబు ఎక్కువ ఆశ్చర్యపోయాడు. సరిగ్గా ఆ మాటే చెప్పి బతిమాలాలని అప్పుడే నోరు తెరిచాడు.

ముక్తేశ్వరంలో గంగబాబు పెరడు తెలియనివారు లేరు. నూతిలోకి దించే సిమెంటు వరలు తొమ్మిది తెచ్చి, నేల మీద వరసగా నిలబెట్టి, ఎనిమిదేళ్ళ కిందట మట్టితో నింపాడు. ఏటి ఒండ్రు, కుళ్ళిన కొబ్బరి పొట్టు, పేడ, చేపలు కడిగిన నీళ్ళు, పైన ఎండాకుల దుప్పటి. ఆ తర్వాత అందులో గునపం దిగలేదు. కాపు అయిపోయిన మొక్కని మొదలు దగ్గర కోసి, వేరు లోపలే వదిలేస్తాడు. అది కుళ్ళి వానపాములకు తిండి అవుతుంది. పక్కనే కొత్త నారు పెడతాడు. చారెడు యూరియా కూడా ఎరగని మట్టి అది. తవ్వితే మట్టికి నిద్ర చెడుతుందని చెబుతుంటాడు.

ఆ గర్వమే అతన్ని ముంచింది. ఏరవతల నుంచి ఒక బేరగాడు వచ్చి, ఆ మట్టిని అరచేతిలో నలిపి వాసన చూశాడు. ఇందులో గంజాయి పెంచితే అలాంటి సరుకు జిల్లాలోనే ఉండదన్నాడు. ఇంత మట్టి చేసిన చెయ్యి ఇంకొకటి లేదన్నాడు. రేటు మాట ఎత్తేసరికే గంగబాబు ఒప్పేసుకున్నాడు. భార్య మంగాయమ్మ వద్దని వారం రోజులు పోరింది. నా మట్టి సంగతి నీకేం తెలుసని కసిరి, అతను గింజలు నాటాడు.

ఆమె సాయంత్రాలు బడికి వెళ్ళడం కూడా ఆ ఏడే మొదలైంది. ఊళ్ళో పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పుతున్నారు. అరుగు మీద కూర్చుని పలక దిద్దుతుంటే గంగబాబుకి నవ్వొచ్చేది. అతనికీ చదువు రాదు. రానందువల్ల ఏ పనీ ఆగలేదని అతని లెక్క.

"ఇప్పుడెవరికి రాస్తావే ఉత్తరాలు?"

"ఎవరో ఒకరుంటారు లెండి," అనేది మంగాయమ్మ.

పుస్తకంలో ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, నత్తలా జరుగుతూ చదివేది. ఒక వాక్యం పూర్తయ్యేసరికి పొయ్యి మీద కూర అడుగంటేది.

తొమ్మిది వరల్లోనూ మొక్కలు తెగిపడ్డాయి. ఇంకా మోకాలెత్తు కూడా లేవు. ఎస్సై ఎండాకులు పక్కకి తీసి వేళ్ళు గుచ్చితే చెయ్యి మణికట్టు దాకా దిగింది. తనూ రైతు బిడ్డనేనని, ఇలాంటి మట్టి ఎక్కడా చూడలేదని అన్నాడు. అంత భయంలోనూ గంగబాబు ఛాతీ పొంగింది.

తర్వాత ఎస్సై అసలు సంగతి చెప్పాడు. పూత వచ్చాక దొరికి ఉంటే పదేళ్ళు లోపలే. ఇప్పుడైనా జీపెక్కక తప్పదు. ముందు ఇద్దరూ ఈ కాగితం మీద వేలిముద్రలు వేయాలి.

గంగబాబు వేలు నొక్కాడు. మంగాయమ్మ సిరా డబ్బా పక్కకి జరిపి కలం అడిగింది. ఊపిరి బిగబట్టి, వంగి, తన పేరు నాలుగక్షరాలూ పెట్టింది. ఎస్సై ఆ సంతకం కేసి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు నేర్చుకున్నారమ్మా?"

"ఆయ్, ఈ ఏడేనండి."

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొక్కలు తగలబెట్టించి, ఇంకోసారి ఇలాంటి పని చేస్తే ఊరుకోనని చెప్పి, జీపు తీయమన్నాడు. కేసు రాయలేదు. నా పెళ్ళాం సంతకమే నన్ను కాపాడిందని గంగబాబు ఆ తర్వాత అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

"మీకెవరు చెప్పేరు బాబుగారూ?" అని మాత్రం ఆ రోజే అడిగాడు.

"కార్డు ముక్క వచ్చింది. పేరు లేదు," అన్నాడు ఎస్సై.

గంగబాబు అనుమానం పక్కింటి అబ్బులు మీదికి పోయింది. ఆ తొమ్మిది వరలనీ రేవు నుంచి తనతో కలిసి దొర్లించుకొచ్చిన స్నేహితుడే. మట్టి చూసి ఓర్వలేకపోయాడని తేల్చేసి మాట్లాడటం మానేశాడు. అబ్బులు ఒట్టేసినా వినలేదు. అబ్బులన్నయ్యగారికి కార్డు కొనడానికి కూడా బద్ధకమేనండీ అని మంగాయమ్మ నవ్వించబోతే, నోరు మూసుకోమన్నాడు. మరుసటేడు అబ్బులు జబ్బుపడి మంచం పట్టినా గుమ్మం తొక్కలేదు.

ఆ ఏడే అమలాపురంలో కూరగాయల పోటీ పెట్టారు. గంగబాబు వరల్లో కాసిన వంకాయలకు మొదటి బహుమతి వచ్చింది. పేరు పిలిస్తే, కొత్త చొక్కా సర్దుకుని వేదికెక్కి, స్టీలు బిందె అందుకున్నాడు. మందులేమి వాడేవని ఎవరో అడిగితే, మైకు ముందుకి వంగి, "మట్టండి," అన్నాడు. చప్పట్లు మోగాయి.

జనంలో ఎస్సై సురేంద్ర కూడా ఉన్నాడు. దగ్గరికొచ్చి మంగాయమ్మకి నమస్కారం పెట్టి, గంగబాబు చేతిలో పాత కార్డు ఒకటి ఉంచాడు. ఆ రోజు చెప్పిన కార్డు ఇదేనని, ఇది తన దగ్గర ఉండాల్సింది కాదని అన్నాడు. గంగబాబు దాన్ని జేబులో దోపుకున్నాడు.

తిరిగి వచ్చే బస్సులో ఆగలేకపోయాడు.

"చదివి చెప్పవే. ఆ రాసినోడి మాటలు అక్షరం పొల్లుపోకుండా నాకు కావాలి. దిగంగానే నిలదీయడానికి అబ్బులు మంచం దగ్గరికే పోతాను."

చెయ్యి జేబు దాకా వెళ్ళలేదు, ఒళ్ళో బిందె అడ్డం వచ్చింది. బిందె అటూ ఇటూ జరుపుతున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్న మంగాయమ్మ మెల్లగా మొదలుపెట్టింది.

"అయ్యా, గంగబాబు పెరట్లో వరల్లో గంజాయి ఉంది. ఇంకా పూత రాలేదు, తొందరగా రండి. మొక్కలు పీకొద్దు, మొదలు దగ్గర కోయండి. ఆ మట్టికి ఎనిమిదేళ్ళు. ఆయన ప్రాణం అందులోనే ఉంది."

ఒక్క అక్షరం దగ్గర కూడా ఆగలేదు.

కార్డు ఇంకా గంగబాబు జేబులోనే ఉంది.