పోస్టుమాస్టరు గారి పురుగు

"చచ్చానే!" అంటూ పోస్టుమాస్టరు గారు పొట్ట పట్టుకుని సోఫాలో అడ్డంగా పడిపోయారు.

వంటింట్లోంచి వాళ్ళావిడ తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. కూతురు ఫోను అందుకుంది. పక్కింటాయన గోడ మీంచి తల పెట్టి "మళ్ళీనా?" అన్నాడు. పోస్టుమాస్టరు గారికి కడుపునొప్పి వచ్చిందంటే అంతే మరి, ఇల్లు ఇల్లంతా ఒంటికాలి మీద నిలబడాల్సిందే. ఆ నొప్పికీ ఓ వేళ ఉంది. తనిఖీకి వస్తున్నామని పై ఆఫీసు నుంచి కబురు రావడం, ఈయన సోఫాలో పడడం, రెండూ జంటగా జరిగేవి.

"నీ కారమే నన్ను పొట్టన పెట్టుకునేట్టుంది," అన్నారు మూలుగుతూ.

"అదే కారం నేనూ తింటున్నాను కదండీ. నాకూ ఇక్కడ మండుతూనే ఉంది."

"నీదంతా గాలి. వేణ్ణీళ్ళు తాగు, పోతుంది. నాది అసలు నొప్పి!"

ఆవిడ ఏళ్ళ తరబడి తాగుతున్న వేణ్ణీళ్ళే ఆ పూట కూడా తాగి, మర్నాడు ఆయన్ని పట్టుబట్టి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది.

"నొప్పి ఎప్పుడొస్తుంది? ఆకలప్పుడా, తిన్నాకా?" అని అడిగింది డాక్టరమ్మ.

పోస్టుమాస్టరు గారు తడుముకున్నారు. "అదీ... ఎప్పుడు పడితే అప్పుడే..."

"ఆకలి వేళకండీ," అని ఆవిడ అందుకుంది. "ఇదిగో, డొక్కల కింద, సరిగ్గా నడి మధ్యలో. నిప్పు పెట్టినట్టుంటుంది. నాలుగు ముద్దలు పడితే చల్లబడుతుంది, రెండు గంటలకి మళ్ళీ మొదలు." తన పొట్ట మీదే వేలు పెట్టి చూపించింది కూడా.

"చూశారా డాక్టరమ్మా! నా నొప్పి నాకంటే దానికే బాగా తెలుసు!" అని ఆయన పొంగిపోయారు.

డాక్టరమ్మ కాగితం మీద మెలికలు తిరిగిన గీత ఒకటి గీసింది. "ఇలా ఉంటుంది, స్క్రూ మేకులాగా. కంటికి కనపడనంత చిన్న బాక్టీరియా. కడుపులోని జిగురు పొరని తొలుచుకుంటూ లోపలికి పోయి కాపురం పెడుతుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే పుండు చేస్తుంది. పుండు ముదిరితే రక్తం కక్కిస్తుంది. పాపం, తిట్లు మాత్రం కారానికి పడతాయి. ముందు మలం పరీక్ష చేయిద్దాం. అందులో తేలకపోతే గొట్టం వేసి చూడాలి."

"గొట్టమా? ఎక్కడికి?"

"నోట్లోంచి కడుపులోకి."

పోస్టుమాస్టరు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. దారి పొడుగునా ఒకటే జపం: "అందులోనే తేలాలే, ఎలాగైనా తేలాలి."

తేలడం తర్వాతి మాట, ముందు మలం పట్టిన డబ్బీ ల్యాబుకి చేరాలి కదా! ల్యాబు చూస్తే సరిగ్గా ఆయన ఆఫీసుకి ఎదురుగా ఉంది. రోజుకి వెయ్యి పార్సిళ్ళు పంపే మనిషికి ఈ ఒక్క పార్సిలు మొయ్యడం తలకొట్టేసినట్టయింది.

"వీధి వీధంతా నన్ను ఎరుగును. ఇది పట్టుకుని ఏ మొహంతో వెళ్ళమంటావ్?"

"మీరు ఆఫీసుకి వెళ్ళండి. నేనిచ్చొస్తాను."

"దార్లో ఎవరితోనూ కబుర్లు పెట్టుకోకు. పేరు రాసిన చీటీ చెరగకూడదు. రసీదు తీసుకో!"

"అలాగేనండీ," అందావిడ.

తేలింది. బోలెడంత తేలింది. గొట్టం తప్పినందుకు ఆయన గెలుపు గుర్రంలా ఇంట్లో అటూ ఇటూ తిరిగారు. "ఇంత పురుగుని కడుపులో పెట్టుకుని కూడా ఒక్కరోజు సెలవు పెట్టలేదు నేను!"

డాక్టరమ్మ మూడు రకాల మాత్రలు రాసింది, వాటితో పాటు బలానికి విటమిన్ బిళ్ళలూ రాసింది. "పద్నాలుగు రోజులు, పొద్దునా సాయంత్రం. ఒక్కటీ మానకూడదు. నోరంతా ఇనుము నాకినట్టుంటుంది, ఓర్చుకోవాలి."

మాత్రల పూచీ అంతా ఆవిడదే. వేళకి అరచేతిలో పెట్టి తెచ్చేది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని, విషం మింగినట్టు మింగేసేవారు. మూడో రోజుకే నొప్పి సగం తగ్గిందన్నారు.

"నోరు చేదన్నమాటే లేదే! నాది గట్టి శరీరం," అని కూతురి దగ్గర గొప్పలు పోయారు.

"అమ్మకేమైంది నాన్నా? కూరలో రెండుసార్లు ఉప్పేసింది. తను అసలు ముద్దే ముట్టుకోలేదు."

"నా మీద బెంగే తల్లీ. చెప్పుకోదు, పిచ్చిది."

నెల తిరిగాక పరీక్ష మళ్ళీ చేయించారు. ఈసారీ ఆవిడే మోసుకెళ్ళింది. పురుగు జాడ లేదని కాగితం వచ్చింది. పోస్టుమాస్టరు గారు ఆఫీసంతా మిఠాయి పంచి, స్క్రూ పురుగుని తానెలా మట్టి కరిపించారో తపాలా బిళ్ళల కోసం వచ్చిన వాళ్ళక్కూడా వర్ణించారు. తనిఖీవాళ్ళు వచ్చారు, వెళ్ళారు. నొప్పి ఊసే లేదు. ఆవిడ కారాన్ని కూడా ఆయన నోరారా మెచ్చుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకి అక్క ఫోను చేసింది.

"పోన్లే, మీ ఆయన గండం గట్టెక్కింది. మరి నీ మంట ఎలా ఉందే? వేణ్ణీళ్ళతోనే నెట్టుకొస్తున్నావా?"

"నెల దాటిందక్కా, మంటన్నదే లేదు. ఇవాళ రెండోసారి వడ్డించుకుని తిన్నాను."

"అదేం చోద్యమే! మందు మింగింది ఆయనా, తగ్గింది నీకా?"

ఆవిడ సోఫా వైపు చూసింది. ఆయన గుర్రు హాయిగా సాగుతోంది. అయినా గొంతు తగ్గించింది.

"ఆయన మింగింది విటమిన్ బిళ్ళలే. డబ్బీలోది నాది, మందు మాత్రలూ నేనే మింగానక్కా."