పదమూడున్నర మిల్లీమీటర్లు

మెదడులో నీరు చేరితే పసిబిడ్డ తల పెరుగుతుందని లోకం నమ్ముతుంది. తల పెరగలేదు కనుక నీరు చేరలేదనీ నమ్ముతుంది. రెండో నమ్మకం మొదటిదానికి పుట్టలేదు. పక్కన నిలబడి బంధువునని చెప్పుకుంటుంది.

ఆ గురువారం వీబె రస్కుల పళ్ళెంతో పసిపిల్లల వార్డులోకి వచ్చాడు. వెన్న రాసిన రస్కుల మీద గులాబి, తెలుపు రంగుల సోంపు మిఠాయి. ఫ్రీస్‌లాండ్‌లో ఆడపిల్ల పుట్టిన కబురు అలాగే చెప్పుకుంటారు.

కబురు పాతదే. అతని కూతురు నింకె పదకొండు వారాలు ముందుగా పుట్టి పదిహేను రోజులయింది. మూడో రోజున మెదడులో కాస్త రక్తం చిమ్మింది. దాంతో నీరు చేరుతుందేమోనని రోజూ టేపుతో తల కొలుస్తున్నారు. పళ్ళెం ఇంట్లోనే ఆగిపోయింది.

"నిన్న తల ఎంతుందో ఇవాళా అంతే! మా ఫ్రీస్‌లాండ్ తలలు మొండివి లెండి, డాక్టరుగారూ," అన్నాడు వీబె.

కుర్ర డాక్టరు హిల్కె నవ్వి ఒక రస్కు అందుకున్నాడు. నర్సులూ అందుకున్నారు.

కిటికీ పక్కన కూర్చున్న హిస్కె అందుకోలేదు.

ఆమెకు అరవై దాటాయి. ఏళ్ళ తరబడి ప్రతి గురువారం వచ్చి, తల్లులు కునుకు తీసి లేచేదాకా బిడ్డలను ఒడిలో పెట్టుకుంటుంది. జీతం లేదు. ఆమె ఎవరని ఎవరూ అడగలేదు.

"తీసుకోండి పెద్దమ్మా. బిడ్డ పుట్టిన రస్కు కాదంటారా ఎవరైనా?"

"తల లోపల నీరు ఎంతుందో డాక్టరును చెప్పమను. అప్పుడు తింటాను."

వీబె మొహం వాడిపోయింది. హిల్కెకు కోపం వచ్చింది.

"తల పెరగలేదని చెప్పాం కదండీ. సోమవారం స్కానింగ్ చేశాం. మళ్ళీ సోమవారం చేస్తాం."

"పోయిన సోమవారం ఎంత?"

"నీటి గది వెడల్పు పదకొండుంబావు మిల్లీమీటర్లు."

"ఇవాళ?"

"ఇవాళ గురువారం."

"బిడ్డకు వారాలు తెలియవు నాయనా. టేపుకు అందరికన్నా చివర తెలుస్తుంది."

"మీరు జోల పాడండి. వైద్యం మేం చూసుకుంటాం."

"జోల ఎప్పుడైనా పాడొచ్చు. ఆ స్కానింగ్ యంత్రం ఖాళీగానే ఉందిగా?"

వీబె పళ్ళెం కింద పెట్టాడు. "చూడండి డాక్టరుగారూ. ఈవిడ నోరు మూయించడానికైనా చూడండి."

పసిబిడ్డ మాడు మీద ఎముకలింకా కలవని మెత్తని చోటు ఉంటుంది. మనిషి మెదడులోకి కిటికీ అదే, ఏడాదిన్నరలో మూసుకుపోతుంది. హిల్కె బొటనవేలంత పరికరాన్ని అక్కడ ఆనించాడు.

తెర మీద రెండు నల్లని నీటి గదులు తేలాయి.

మధ్యగీత నుంచి గది బయటి అంచు దాకా కొలిచాడు. పదమూడున్నర మిల్లీమీటర్లు.

మళ్ళీ కొలిచాడు. పదమూడున్నర.

గోడమీది పటంలో ఈ వయసు బిడ్డకు హద్దు పన్నెండు.

టేపు తెచ్చి తల చుట్టూ కొలిచాడు. నిన్నటి కొలతే.

ఎముక కదలలేదు. లోపల మెదడే ఒదిగి ఒదిగి నీటికి చోటిస్తోంది.

మెదడులోని నీరు వెన్నులోకీ దిగుతుంది. ఆ మధ్యాహ్నమే అక్కణ్ణించి సూదితో పదకొండు మిల్లీలీటర్లు తీశారు. మరో రెండుసార్లు తీశాక కొలత హద్దు కిందికి వచ్చి అక్కడే నిలిచింది.

"రిటైరైన డాక్టరేమో ఆవిడ," అన్నాడు హిల్కె.

"డాక్టరైతే ఇన్నేళ్ళు నోరు మూసుకొని కూర్చుంటుందా? నర్సే అయి ఉంటుంది," అంది నర్సు.

ఆ మాట ఆమెనే అడగవచ్చునని ఇద్దరికీ తోచలేదు.

ఫిబ్రవరిలో హిస్కె చావు కబురు కార్డు మీద వచ్చింది. వార్డులో అందరూ సంతకాలు చేసి సానుభూతి పంపారు. డ్యూటీలు కుదరక ఎవరూ వెళ్ళలేదు.

గోడమీది పటం నకలుకు నకలు. ఏప్రిల్ నాటికి అంకెలు వెలిసిపోతే, అసలు ప్రతి కోసం హిల్కె పాత కాగితాల గదికి వెళ్ళాడు.

దొరికింది. ముప్పై ఏళ్ళ నాటి గ్రాఫు కాగితం. హద్దు గీత కింద నూటికి పైగా పెన్సిలు చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో బిడ్డ.

గీత దాటినవి పదహారు చుక్కలు. అన్నీ ఒకే బిడ్డవి, రోజుకొకటి, మెట్లెక్కినట్టు.

వాటి కింద అదే బిడ్డ తల చుట్టుకొలత. పన్నెండు రోజులు మారలేదు. పదమూడో రోజున పెరిగింది. పదహారో రోజు తర్వాత ఏ చుక్కా లేదు.

కాగితం వెనక ఒక ఉత్తరం అంటించి ఉంది.

"మా బాబుకు ఇక చేయగలిగింది లేదన్నారు. అయినా ఉన్నన్నాళ్ళూ రోజూ కొలవండి. తరవాత ఇక్కడికి వచ్చే బిడ్డ సంగతి మీకు ముందే తెలియాలి."

కింద సంతకం హిస్కెది.