నిమ్మతోటలో కాలువ

చైన్ ట్రాక్టర్ నాలుగోసారి ఆగిపోయింది.

ముందు కాస్త గురగురలాడింది. తర్వాత దగ్గింది. ఆపైన చప్పుడు లేదు.

డ్రైవర్ సీట్లోంచి కిందికి దూకాడు.

మూడు రోజుల వానకి చెరువు నిండి, కట్ట అంచుకి జానెడు దూరంలో ఉంది నీరు. కట్ట దిగువన ఎనిమిది వందల ఇళ్లు. పక్కనున్న నిమ్మతోటలోంచి కాలువ కొట్టి నీటిని వాగులోకి మళ్లించాలి. అదీ సాయంత్రంలోగా. బురదలో దిగబడకుండా ఆ పని చేయగలిగింది ఈ బండి ఒక్కటే.

"ఇంజన్‌కి డీజిల్ అందడం లేదన్నా," అన్నాడు మెకానిక్.

"ఆ ముక్క గంట కిందటే చెప్పావు."

"ఫిల్టర్లు రెండూ మార్చాను. అడుగున చేరిన నీళ్లు వదిలేశాను. పైపుల్లో గాలి తీశాను. ఇంక పంపే పోయుంటుంది. కొత్తది రేపటిగ్గానీ రాదు."

"రేపటిదాకా ఆగమని ఆ చెరువుకి నువ్వే చెప్పు."

మెకానిక్ మళ్లీ ఇంజన్ మీదికి వంగాడు.

తోట గట్టు మీద ఒకాయన నిలబడి చూస్తున్నాడు. పొడుగాటి మనిషి. అరవై దాటి ఉంటాయి. మోకాళ్లదాకా బురద.

"డీజిల్ ట్యాంక్ మూత చూశారా?" అని అడిగాడు.

మెకానిక్ నవ్వాడు. "డీజిల్ సగానికి పైనే ఉంది పెద్దాయనా. బండి ఆగినప్పుడల్లా మూత తీసి చూస్తూనే ఉన్నాం."

"అందుకే మళ్లీ స్టార్ట్ అవుతోంది."

డ్రైవర్‌కి చిర్రెత్తుకొచ్చింది.

"ఇదేమన్నా తమాషానా? వెళ్లి నీ పని చూసుకో."

"ఇవాళ నాకింకో పని లేదయ్యా," అన్నాడాయన, నొచ్చుకోకుండా. మెకానిక్ వైపు తిరిగాడు. "మూత తీసినప్పుడు బుస్సుమందా?"

మెకానిక్ మొహంలో నవ్వు పోయింది.

"అంది. లోపలికి గాలి లాక్కున్నట్టు."

"సీసా మూతి నోట్లో పెట్టుకుని, పెదాలు తియ్యకుండా తాగి చూడు. నాలుగు గుక్కలు వస్తాయి. ఐదోది రాదు. లోపలికి గాలి పోతేనే కదా బయటికి నీళ్లొచ్చేది? ఆ మూతకి గాలి పోయే సన్న రంధ్రం ఒకటి ఉంటుంది. చూడండి, ఉందో పూడిందో."

మెకానిక్ ట్యాంక్ మీదికెక్కి మూత విప్పి తెచ్చాడు. డ్రైవర్ దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. రంధ్రం ఉండాల్సిన చోట బురద ఇంజన్ వేడికి ఎండి సిమెంటులా గట్టిపడి ఉంది.

సన్న తీగ కోసం ఇద్దరూ పనిముట్ల పెట్టె అంతా తిరగేశారు. అన్నీ లావువే.

ఆయన చెయ్యి చాపి, దగ్గరున్న నిమ్మకొమ్మ నుంచి ఒక ముల్లు విరిచాడు. రంధ్రంలో పెట్టి మెల్లగా తిప్పాడు. బురద రాలింది. మూత నోటి దగ్గర పెట్టుకుని ఊదాడు. అవతలి వైపు నుంచి గాలి డ్రైవర్ చేతికి తగిలింది.

మూత బిగించారు. ఇంజన్ అందుకుంది.

ఇంతకుముందు పది నిమిషాలకే ఆగిపోయేది. పది దాటాయి. ఇరవై దాటాయి. చప్పుడు ఎక్కడా తగ్గలేదు.

"మీరూ మెకానిక్కేనా?" అన్నాడు మెకానిక్. పెద్దాయనా అనడం మానేశాడు.

"కాదు. నీళ్లు తోడే ఇంజన్ ఒకటుంది. ముప్పై ఏళ్లుగా అదీ నేనూ కొట్లాడుకుంటున్నాం."

డ్రైవర్ సీటెక్కాడు. థాంక్స్ చెప్పాలనుకున్నాడు. ఇందాక కసిరిన నోరు వెంటనే పెగల్లేదు.

"కాలువ ఎటునుంచి కొడతావు?" అని అడిగాడాయన.

"ఎడమ పక్కనుంచి. అటైతే చెట్లు తక్కువ పోతాయి."

"అటు వద్దు. మూరెడు లోతులో బండ ఉంది. నీ బ్లేడు వంగి కూర్చుంటుంది. కుడి పక్క వరసల మీదుగా పో. నేల మెత్తన."

"కుడి పక్క చెట్లన్నీ విరగకాసి ఉన్నాయండీ."

"ఉన్నాయి," అన్నాడాయన. "నేల మాత్రం మెత్తన. పొద్దు పోతోంది, కానివ్వు."

డ్రైవర్ బండిని కుడికి తిప్పాడు.

నేల నిజంగానే వెన్నలా తెగింది. వరస వెంట వరస చెట్లు వేళ్లతో సహా ఒరిగాయి. కాయలు చైన్ల కింద చితికి, డీజిల్ వాసన మీదికి నిమ్మ వాసన లేచింది.

నాలుగింటికి కాలువ వాగులో కలిసింది. నీరు ఎర్రగా సుడి తిరిగి అందులోకి దూకింది. ఐదింటికి కట్ట దగ్గర నీరు మూరెడు దిగింది.

డ్రైవర్ ఇంజన్ ఆపి గట్టు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఆయనేడి?"

"చెట్లు పడటం మొదలవ్వగానే రోడ్డెక్కి వెళ్లిపోయాడన్నా," అన్నాడు మెకానిక్.

"ఒక్క మంచిమాట కూడా అనలేదురా ఆయన్ని."

కట్ట మీదనుంచి ఇంజనీరమ్మ దిగి వచ్చింది. పొద్దుటి నుంచి ఆమె మొహంలో రంగు కనపడటం ఇదే మొదటిసారి.

"ఊరు నిలబెట్టావయ్యా," అంది.

"నేను కాదు మేడమ్, దారినపోయే పెద్దమనిషి ఒకాయన," అని, డ్రైవర్ కూలిన చెట్ల వైపు చూశాడు. "ఇంత కాపు మీదున్న తోట కూల్చేస్తుంటే, తోటవాళ్లు అడ్డుపడతారనుకున్నాను. ఒక్కరూ రాలేదేంటి?"

ఇంజనీరమ్మ ఆశ్చర్యంగా చూసింది.

"రాకపోవడమేంటి? పొద్దున తోటాయన ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు బండి ఆగిపోయిందని తెలిసి, తనే చూసొస్తానని నీ దగ్గరికే వచ్చాడు కదయ్యా, పొడుగ్గా ఉంటాడు."